గుఢీ కట్టని కిటికీ

ఫిబ్రవరి 8, ఆదివారం

మీటింగు అయింది. క్యాంపు మధ్యలో నీళ్ళ ట్యాంకు పక్కన కుర్చీలేసుకుని కూర్చున్నాం. ఎన్నాళ్ళకో అందరూ ఒక్కచోట కనిపించారు. అంతా ఒకే చాల్‌లో, వరస గదుల పాత మేడలో బతికినవాళ్ళమే, అది పడగొట్టాక ఈ క్యాంపు రేకుల ఇళ్ళలోకి కలిసే వచ్చాం, అయినా ఆరేళ్ళుగా ఒకరి ముఖం ఒకరు చూసుకునేది ఇలాంటి గొడవలప్పుడే.

సెక్రటరీ తావ్డే గొంతు సవరించుకుని మొదలెట్టాడు. "కొత్త బిల్డింగు తాళాలిచ్చేస్తానంటున్నాడు బిల్డరు. ముందు ఫర్నిచరు చేయించుకోండి, ఉగాది పాడ్వాకి గృహప్రవేశం చేసుకోండి అంటున్నాడు. లిఫ్టు లేదు. కుళాయిలో నీళ్ళు లేవు. ప్లానులో చూపించిన వరండా లేదు. ఏమంటారు?"

"వాడి తాళాలు వాడి మొలతాడుకే కట్టుకోమనండి" అంది పక్కింటి వత్సలా వహినీ, మా అందరికీ వదిన. అందరూ పడీపడీ నవ్వారు. మా వహినీ నోరు విప్పితే ఇంక మీటింగు అయిపోయినట్టే.

కార్పొరేషన్ ఇంజనీరు ఘాటే మేడం నాతో అన్న మాట నేను లేచి చెప్పాను. మన చాల్ పడగొట్టిన చోట బిల్డరు రెండు కట్టాడు. ముందు మనకి ఏడంతస్తులు, వెనక అమ్ముకోవడానికి టవరు. మనకిచ్చిన మాటలన్నీ తీర్చి, మనని ఇళ్ళలో పెట్టేదాకా టవరులో మనుషులు ఉండటానికి కార్పొరేషన్ అనుమతి ఇవ్వదు. "మనం తాళం పుచ్చుకోనంత కాలం వాడి జుట్టు మన చేతిలో ఉంటుంది. పుచ్చుకున్నామా, మన జుట్టు వాడి చేతికి పోతుంది" అన్నాను.

చాల్ గణపతి మీద ఒట్టేసుకున్నాం. కొబ్బరికాయ మీద ఇంటికొకరు చొప్పున చెయ్యి వేశారు. వహినీ రెండు చేతులూ వేసింది, పక్షవాతంతో మంచానున్న భర్త దత్తూభావు తరఫున కూడానట. ఇంటికొచ్చి చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

ఫిబ్రవరి 21

నన్ను అక్కలా తాయీ అని పిలిచే కుర్రాళ్ళు వరండా అంటే నవ్వుతారు. "తాయీ, ఈ రోజుల్లో వరండా ఏంటి, జాగా దండగ" అంటారు. వాళ్ళకేం తెలుసు? గిర్‌గావ్‌లో మా ఖోలీ పదడుగుల గది. అందులో నేనూ, అమ్మా. అమ్మ పోయాక నేను. కానీ నేను ఉన్నది గదిలోనా? ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఇరవై గుమ్మాలకి ఒకటే వరండా. మిరపకాయలు అక్కడే ఎండేవి, పిల్లలు అక్కడే ఎక్కాలు చదివేవాళ్ళు, దత్తూభావు పేకాట అక్కడే. నేను టెలిఫోన్ ఎక్స్‌చేంజి నుంచి వచ్చి చెప్పులు విప్పేలోపు ఎవరో ఒకరు టీ గ్లాసు చేతికిచ్చేవాళ్ళు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళతో "తీరిక దొరకలేదు" అనేదాన్ని. అది అబద్ధం కూడా కాదు.

మార్చి 14

తావ్డే ఇంటి ముందు అట్టపెట్టెలు. పాత సామాను అమ్మేస్తున్నారేమో.

వహినీ పట్టుగుడ్డ ఇస్త్రీ చేస్తోంది. పాడ్వాకి ఇక్కడే ఆ గుడ్డ కర్రకి చుట్టి గుఢీ ఎత్తుతారన్నమాట. మంచిదే. ఏ ఇల్లయితేనేం. నేను వెళ్ళేసరికి గబగబా మడిచి లోపల పెట్టేసి, "టీ తాగుతావా తాయీ?" అంది. ఎప్పుడూ అడగదు, పోసి ఇచ్చేస్తుంది.

మార్చి 19, పాడ్వా

వేపచిగురూ బెల్లమూ వామూ కలిపి నూరి, గిన్నెలో పెట్టుకుని తలుపులు తట్టాను. తాళం. పక్క తలుపు, తాళం. వరసంతా తాళాలే.

ఏదో గుడికెళ్ళారనుకున్నాను. సామాను లేని వాకిళ్ళు కనిపిస్తున్నా అలాగే అనుకున్నాను.

పదింటి లోకల్ రైలు పట్టుకుని గిర్‌గావ్ వెళ్ళాను. రోడ్డుకి అవతలి పక్కన నిలబడి తలెత్తి చూశాను. ఏడంతస్తులూ గుఢీలే. కిటికీకొకటి. వెదురు కర్రకి పట్టుగుడ్డ చుట్టి, పైన రాగిచెంబు బోర్లించి, వేపమండ, చక్కెర చిలకల దండ. ఆరో అంతస్తులో వహినీ ఆకుపచ్చ పట్టుగుడ్డ. దాని పక్క కిటికీ నాది. అదొక్కటే బోసిగా ఉంది.

కింద బిల్డరు మనిషి కేతన్, కెమెరా పట్టుకున్న ఒకడూ ఉన్నారు. కేతన్ నన్ను చూసి నమస్కారం పెట్టాడు. "రండి తాయీ, మీ తాళం కూడా రెడీగా ఉంది, పండగ పూట శుభం." మా చాల్ వాళ్ళెంత మూర్ఖులో వాడికి తెలుసు. మా వాళ్ళని లంచంతో కొనలేడు, బెదిరించలేడు. మంచి రోజు చూపిస్తే చాలు, ఒట్లూ కొబ్బరికాయలూ అన్నీ మర్చిపోతారు. పాడ్వా వదులుకుంటే మళ్ళీ ఏడాదిదాకా అంత ముహూర్తం రాదు మరి!

లోపలికి వెళ్ళలేదు. గిన్నె అలాగే వెనక్కి తెచ్చుకుని నేనే తిన్నాను. చేదు ఎక్కువైంది.

మార్చి 20

వహినీ ఫోను చేసింది. తీయలేదు.

మార్చి 22

మళ్ళీ చేసింది. తీశాను.

"తిట్టు తాయీ. తిట్టేశాక చెప్తా."

"తిట్టడానికి నువ్వెవరు నాకు?" అన్నాను.

"దత్తూని ఆరంతస్తులు కుర్చీలో మోసుకెళ్ళారు. మా అబ్బాయి హృషీ, తావ్డే కొడుకు, ఇంకో ఇద్దరు. మూడో అంతస్తులో ఒకడి కాలు జారింది. ఆయన నోట మాట రాదు కదా, కళ్ళమ్మట నీళ్ళు." ఆమె కూడా ఏడుస్తోంది. "నీళ్ళ ట్యాంకరు రోజు విడిచి రోజు. బిందెలతో ఆరంతస్తులు ఎక్కలేక చస్తున్నాం. బిల్డరు ఫోన్ తీయడు. ఇళ్ళలోకి చేరారుగా, ఇంకేం కావాలి అంటాడు వాడి మనిషి."

"అయితే?"

"నీ కాళ్ళు పట్టుకుంటా. నువ్వు మాత్రం తాళం పుచ్చుకోకు. లిఫ్టు తిరిగేదాకా పుచ్చుకోకు."

"మీరంతా పుచ్చుకుని, నన్ను మాత్రం వద్దంటావా?"

"మా బుద్ధి గడ్డి తింది. నీకా అలవాటు లేదు కదా!"

నవ్వొచ్చింది నాకు. దాని మీద కోపం ఉంచుకోవడం నా వల్ల ఏనాడూ కాలేదు. సరే అన్నాను. వాళ్ళ కోసమే ఉంటాను. ఇందులో నాకేం లేదు.

ఏప్రిల్ 10

టవరు అనుమతి మీద కార్పొరేషన్‌లో విచారణ. బిల్డరు వకీలు ఇంత పెద్ద ఫోటో బల్ల మీద పరిచాడు. పాడ్వా నాటిది. "చూడండి మేడం, ఇంటింటా గుఢీ. జనం పండగ చేసుకుంటున్నారు. ఇంకా టవరు ఆపడం న్యాయమా?"

మా వాళ్ళు తలలు వంచుకుని కూర్చున్నారు. తావ్డే అయితే బల్ల కింద ఏదో పడిపోయినట్టు వెతికాడు.

ఘాటే మేడం కళ్ళజోడు పైకి నెట్టి ఫోటో మీదకి వంగింది. "ఆరో అంతస్తులో ఈ కిటికీ ఎవరిది?"

"నాదండీ" అన్నాను. "కుముదిని ఖానోల్కర్."

"ఎందుకు కట్టలేదు?"

"అది ఇంకా నా ఇల్లు కాలేదు కనక. లిఫ్టు లేదు, నీళ్ళు లేవు, వరండా లేదు. నేనింకా క్యాంపులోనే ఉన్నాను."

మేడం వకీలు వైపు తిరిగింది. "ఒక్క కుటుంబమైనా, ప్లాను ప్రకారం ఇల్లు అందలేదంటే అందనట్టే. టవరుకి సీలు ఉంటుంది. పనులు చేసి రండి."

బయటికొచ్చాక మా వాళ్ళంతా చుట్టుముట్టారు. తావ్డే నా చేతులు పట్టుకుని "తాయీ, నువ్వు మా ఝాన్సీ రాణివి" అన్నాడు. కట్టింగ్ చాయ్ తాగాం. వడాపావ్ తిన్నాం. అచ్చం పాత రోజుల్లా. తర్వాత వాళ్ళు నడుచుకుంటూ గిర్‌గావ్ వెళ్ళారు, నేను లోకల్ ఎక్కాను. మళ్ళీ వాయిదా ఎప్పుడో అడగడం మర్చిపోయాను. త్వరగా ఉంటే బాగుండును.

ఏప్రిల్ 26

క్యాంపులో మా వరసలో నేనొక్కదాన్నే. అవతలి వరసల్లోకి ఎక్కడిదో ఇంకో చాల్ వాళ్ళు వచ్చారు. వాళ్ళలో వాళ్ళే పెద్దగా మాట్లాడుకుంటారు. నన్ను చూసి, నేను ఈ క్యాంపు ఉద్యోగినని అనుకున్నారట. ఒకావిడ వచ్చి పైపు లీకవుతోందని నాకు ఫిర్యాదు చేసింది. నేనూ సరే చూస్తాలే అన్నాను, మాట్లాడిందే చాలని.

ఒంటరిగా ఏం లేను. హాయిగానే ఉంది. రేడియో ఉంది.

మే 3

రేడియో బాగానే పాడుతోంది.

మే 15

నీళ్ళొచ్చాయట. కుళాయి కింద చేతులు పెట్టుకున్న ఫోటోలు గ్రూపులో పెట్టారు. "తాయీకి జై" అని రాశారు. మొత్తం ముప్పయ్యారు మంది. లెక్కపెట్టానంటే నాకెంత పని ఉందో తెలుస్తోంది.

మే 24

వహినీ ఫోను. "తాయీ! లిఫ్టులోంచి చేస్తున్నా! ఆయన్ని కిందికి తీసుకొచ్చా, కొబ్బరినీళ్ళు తాగించా, మళ్ళీ పైకి..." లైను తెగిపోయింది. లోపల సిగ్నల్ ఉండదు కదా.

పైకెళ్ళాక చేస్తుందని ఫోను పక్కన పెట్టుకుని కూర్చున్నాను. పని మీద ఉండుంటుంది. మర్నాడు చేస్తుంది.

మే 31

చెయ్యలేదు. హృషీని పంపింది, పూరన్‌పోళీ బొబ్బట్ల డబ్బాతో. వాడు నన్ను మేనత్తలా ఆత్యా, ఆత్యా అంటూ నా కొంగు పట్టుకుని పెరిగినవాడు. మంచం మీద కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఆత్యా, ఇంక తాళం తీసేసుకో. లిఫ్టు వచ్చింది, నీళ్ళొచ్చాయి."

"వరండా?"

వాడు నెత్తి గోక్కున్నాడు. "బిల్డరు ఆ వరండా మధ్యలో గోడలు కట్టి, ముందు కిటికీలు పెట్టి, ఎవరి ముక్క వాళ్ళకి గదిలా ఇచ్చేశాడు. నీకు తెలుసు కదా. అందరూ సంతోషంగానే ఉన్నారు. సాయలీ, నేనూ..." ఆగిపోయాడు. "పెళ్ళయి ఏడాదిన్నర. ఇక్కడ నాన్న మంచానికీ మా మంచానికీ మధ్య అమ్మ చీర తెరలా కట్టి పడుకున్నాం ఆత్యా. ఇప్పుడు మాకంటూ తలుపున్న గది ఉంది."

"ఆ గది బిల్డరు దానమిచ్చాడనుకుంటున్నావా?" అన్నాను. "ఆ వరండా కట్టిస్తానన్న మాట చూపించే వాడు టవరు మీద రెండంతస్తులు ఎక్కువ తెచ్చుకున్నాడు. ఘాటే మేడం చెప్పింది. మన జాగా ముక్కలు చేసి మనకే పంచి, ఆ రెండంతస్తులూ నొక్కేస్తున్నాడు."

"నొక్కుకోనీ. మాకు గది కావాలి. నీకెందుకు అది? నువ్వొక్కదానివేగా!"

అనేశాక వాడి ముఖం మాడిపోయింది. "అలా కాదు ఆత్యా" అని ఏదో అన్నాడు. డబ్బా తెరిచి ఒకటి నోట్లో పెట్టాను, బాగుందని చెప్పాను. వాడు వెళ్ళాక మిగిలినవి ముట్టుకోలేదు.

ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య.

జూన్ 2

హృషీ అన్నదాంట్లో తప్పేముంది. కొత్త పెళ్ళికొడుకు. నేనే కాస్త సర్దుకుంటే సరిపోతుంది. తాళం పుచ్చుకుంటాను. ఆ ముక్కలో నేను తులసికుండీ పెట్టుకోవచ్చు.

జూన్ 4

తులసికి ఎవరితో మాట్లాడను?

జూన్ 9

రెండో విచారణ. మా వాళ్ళందరూ వచ్చారు. ఈసారి నా పక్కన ఎవరూ కూర్చోలేదు. వహినీ మూడు కుర్చీల అవతల కూర్చుంది. ఒక్కసారి నా వైపు చూసి, చేతులు ఒళ్ళోనే జోడించింది. వద్దు అనో, దయచేసి అనో.

లోపలికి వెళ్ళే ముందు కేతన్ నన్ను పక్కకి పిలిచాడు. "తాయీ, మీ ఇంటి ముందు మటుకు గోడ తీయించేస్తాం. మీకు మీ వరండా మీకిచ్చేస్తాం. సరేనా?"

"ఒక్కరికి వరండా ఏమిటయ్యా?" అన్నాను. వాడికి నిజంగానే అర్థం కాలేదు.

మా వాళ్ళంతా సంతకాలు చేసిన కాగితం తావ్డే ఇచ్చాడు. మాకే ఇబ్బందీ లేదని. ఘాటే మేడం చదివి పక్కన పెట్టింది. "ఖానోల్కర్ గారూ, మిగిలింది మీరొక్కరు. లిఫ్టు?"

"ఉందండీ."

"నీళ్ళు?"

"వస్తున్నాయండీ."

"వరండా ప్లాను ప్రకారం ఉందా?"

ఉందని చెప్పడానికే వెళ్ళాను. లోకల్‌లో దారి పొడుగునా అదే అనుకుంటూ కూర్చున్నాను. నోరు తెరిచాను.

"లేదండీ" అన్నాను.

తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. వరండా అందరి ఉమ్మడి సొత్తు, నిప్పంటుకుంటే బయటపడే దారి, ముక్కలు చేసి పంచే హక్కు బిల్డరుకి గానీ సంతకాలు పెట్టినవాళ్ళకి గానీ లేదు, తన ఖర్చుతో గోడలు తీసి మొత్తం తెరవాలి, అప్పటిదాకా టవరు సీలు తీసేది లేదు. మేడం చదువుతుంటే వకీలు ముఖం వెలవెలబోయింది. ఇంత ఊళ్ళో ఒక బిల్డరు మెడలు వంచారంటే నేను ఎగిరి గంతెయ్యాలి.

మెట్ల మీద వహినీ ఎదురొచ్చింది.

"వాడి మెడ వంచావనుకున్నావా? నా కొడుకు మంచం నడివీధిలో వేశావు. అందరి కోసం, అందరి కోసం అని ఊదరగొట్టావే. ఎవరడిగారే నిన్ను? నీ కోసం చేసుకున్నావు. నీ ఒక్కదాని కోసం!"

ముప్పై ఏళ్ళలో నాతో ‘ఏమే’ ధోరణిలో మాట్లాడటం ఇదే మొదలు.

జూన్ 10

గ్రూపులోంచి నన్ను తీసేశారు.

జూన్ 11

అవును. నా కోసమే. మీరందరూ లేకపోతే నేను లేను వహినీ, ఏం చెయ్యను.

జులై 6

వాన. గోడలు కొడుతున్నారట. కావాలనే వానల్లో మొదలుపెట్టాడు బిల్డరు, తిట్లు నాకు తగలాలని. తగులుతూనే ఉండుంటాయి, రెండ్రోజులుగా ఒకటే వెక్కిళ్ళు.

జులై 19

ఈరోజు ఎవరితోనూ మాట్లాడలేదు. నిన్న కూడా.

ఆగస్టు 2, ఆదివారం

ఘాటే మేడం స్వయంగా వచ్చి కొలతలు చూసి, తాళం నా చేతికిచ్చింది. "సాధారణంగా జనం మధ్యలో వదిలేస్తారు. అందుకే బిల్డర్లు మాట తప్పుతారు" అంది. "మీరు వదల్లేదు." ఆవిడకి వేరే సైటు ఉందట, వెళ్ళిపోయింది.

లిఫ్టులో ఆరో అంతస్తు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా వరండా. నేను అడిగింది అచ్చంగా ఇదే. గోడలు ఊడదీసిన చోట నేల మీద సిమెంటు మచ్చలు. వాన జల్లు లోపలిదాకా కొడుతోంది. గుమ్మాలన్నీ మూసి ఉన్నాయి. వహినీ వాళ్ళ గుమ్మం ముందు విప్పేసిన మంచం కోళ్ళు గోడకి ఆనించి ఉన్నాయి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పారు.

సామాను మోసే వాళ్ళు పెట్టెలు దించి వెళ్ళిపోయారు. టీ గ్లాసు సంగతి సరే, తలుపు సందులోంచి తొంగి చూసినవాళ్ళు కూడా లేరు. సాయలీ ఒకసారి బట్టలు తీయడానికి బయటికొచ్చి, నన్ను చూసి, తడిబట్టలు అలాగే వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. నేను తీసి, మడిచి, వాళ్ళ గడప మీద పెట్టాను. గంటసేపు అక్కడే ఉన్నాయి.

ఆగస్టు 5

బట్టలు ఆరవేసుకోవడం కూడా లోపలే. నా మీద పంతంతో ఇరవై ఇళ్ళూ కుక్కర్ ఆవిరిలో మగ్గుతున్నాయి. కుర్చీ బయట వేసుకుని కూర్చున్నాను. వానని చూశాను. చాలాసేపు చూశాను. క్యాంపే ఇంతకంటే నయం, అక్కడ పైపు లీకవుతోందని చెప్పడానికైనా ఒకావిడ వచ్చేది.

ఆగస్టు 9, ఆదివారం

మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. కుర్చీలో కూర్చుని బియ్యం ఏరుకుంటున్నాను. గుమ్మం కిర్రుమంది. తలెత్తలేదు, వెంటనే మూసేస్తారు కదా అని.

మూయలేదు. చక్రాల కుర్చీ గడప మీద అటూ ఇటూ ఊగి, దబ్బున బయటపడింది. దత్తూభావు. ఎవరూ తోయడం లేదు. పనిచేసే ఎడమచేత్తో ఒక చక్రాన్నే తిప్పుతుంటే కుర్చీ గోడ వైపుకి తిరిగిపోతోంది. మళ్ళీ సరిచేసుకుంటున్నాడు. మళ్ళీ తిరిగిపోతోంది. నేను లేవబోయాను, వద్దన్నట్టు తల ఊపాడు. నా గుమ్మం దాటి ముందుకి పోయాడు. తావ్డే గుమ్మం దాటాడు. ఆ చివరిదాకా వెళ్ళాడు. అక్కడ రెయిలింగు పట్టుకుని కిందికి, రోడ్డు మీదికి చూస్తూ ఉండిపోయాడు. బస్సులు, గొడుగులు, కొబ్బరిబోండాల బండి. ఆరేళ్ళు క్యాంపులో గోడని చూసిన మనిషి. తర్వాత అంత దూరమూ తిరిగొచ్చి నా కుర్చీ పక్కన ఆగాడు. ఒళ్ళంతా చెమట. ఏదో అన్నాడు, నాకు అర్థం కాలేదు. బియ్యం చాట ఆయన ఒళ్ళో పెట్టాను. ఎడమచేత్తో ఒక్కో రాయీ ఏరి రెయిలింగు మీద పెడుతున్నాడు.

వహినీ పరుగున వచ్చింది, చేతికి పిండి అంటుకుని ఉంది. "ఏవండీ! ఎక్కడికి..." అని గుమ్మంలోనే ఆగిపోయింది. మమ్మల్నిద్దర్నీ చూసింది. కుర్చీ తోసుకెళ్ళడానికి వస్తుందనుకున్నాను. దత్తూభావు చాట గట్టిగా పట్టుకున్నాడు.

వహినీ కళ్ళు ఆ చివరిదాకా, తడి నేల మీద పడ్డ చక్రాల గుర్తుల వెంట వెళ్ళొచ్చాయి. తర్వాత నా వైపు చూడకుండా, గోడకి చెప్పినట్టు అంది:

"ఆరింటికి ఆయనకి మాత్ర వెయ్యాలి. నేనొచ్చి తీసుకెళ్తాను. నీతో మాట్లాడటానికి కాదు."

"సరే" అన్నాను.

లోపలికి వెళ్ళింది. తలుపు వెయ్యలేదు.